యుద్ధ నవలకు ముందు గడియారం

ప్రియమైన తమ్ముడికి,

నీ నవల మొదటి ఆరు అధ్యాయాలు చదివాను. చైనాకూ తైవాన్‌కూ మధ్యనున్న తైవాన్ జలసంధిలో రాజుకుని ఆసియా అంతా అంటుకునే యుద్ధం, ఊహకు బలముంది. అయితే మూడో అధ్యాయంలో సాయంత్రం జపాన్‌లోని యొకొసుకా రేవులో లంగరెత్తిన అమెరికా డిస్ట్రాయర్ (యుద్ధనౌక) తెల్లారేసరికి జలసంధిలో పోరాడుతోంది. మధ్యలో 2,000 కిలోమీటర్ల పైచిలుకు సముద్రం ఉంది. 20 నాట్లంటే గంటకు 37 కిలోమీటర్లు, అంటే రెండు రోజుల పైమాటే. 30 నాట్లతో పరుగెత్తించినా ఒకటిన్నర రోజు పడుతుంది, ఇంధనం విపరీతంగా తాగుతుంది. ఇలాంటి చోట తెలిసినవాడు పుస్తకం మూసేస్తాడు. అంతకన్నా నాకు బాధ, ఓ మంచి ఘట్టం నీ చేజారిపోయింది: చేరేసరికి అక్కడ ఏం మిగిలి ఉంటుందో తెలియని నావికుల ఆ రెండు రాత్రులు.

అందుకే కథకన్నా ముందు ఓ పెద్ద కాగితం మీద పట్టిక గీయి. అడ్డవరసలు రోజులు: దాడికి 30 రోజుల ముందు నుంచి 40 రోజుల తర్వాత దాకా. నిలువు వరసలు నీ పాత్రలు. ప్రతి గడిలో మూడే రాయి: మనిషి ఎక్కడున్నాడు, తర్వాతి రోజు గడిలోని చోటికి చేరడానికి ఎన్ని గంటలు, చేతిలో ఏం మిగిలింది.

ఆ మూడోదే అందరూ మరిచిపోయేది. ఆర్లీ బర్క్ తరగతి అమెరికా డిస్ట్రాయర్‌లో క్షిపణులు వదిలే నిలువు గొట్టాలు 90 లేదా 96. కొన్నిట్లో చిన్న క్షిపణులు నాలుగేసి పడతాయి. మరికొన్నిట్లో నేల మీది లక్ష్యాలకు వాడేవి ఉంటాయి, వాటితో గగనరక్షణ కుదరదు. వచ్చే ఒక్కో క్షిపణికి రెండేసి వదిలితే లెక్క ఎంత తొందరగా కరిగిపోతుందో నువ్వే వేసి చూడు. మళ్ళీ నింపాలంటే రేవుకు పోవాలి. నడిసముద్రంలో నింపే పద్ధతిని అమెరికా నౌకాదళం 2024 అక్టోబరులో పరీక్షించింది గానీ, దాన్ని మామూలు పనిగా రాయకు. నీ కెప్టెన్‌కు ధైర్యం గురించి ఉపన్యాసం వద్దు, గొట్టాల లెక్క ఇవ్వు. ఇంకా పన్నెండే ఉన్నప్పుడు పక్కనున్న సరుకు ఓడను కాపాడాలా, తన ఓడనా?

తేదీ కూడా ఇష్టమొచ్చినట్టు పెట్టకూడదు. జలసంధి ఇరుకైన చోట 130 కిలోమీటర్లే కావచ్చు, కానీ వేసవి చివర తుపాన్లు, చలికాలంలో ఈశాన్య గాలులు. సేనలు దాటడానికి ఏప్రిల్, అక్టోబరు ప్రాంతాలు అనువైనవని నిపుణులు తరచూ చెబుతారు. నువ్వు ఆగస్టు పెట్టావు. మార్చు, లేదా ఆ తుపానునే పాత్రను చేయి.

లదాఖ్ రంగం గురించి. మైదానాల నుంచి విమానంలో దింపిన పటాలాన్ని మర్నాడే 15,000 అడుగుల పైన పోరాటానికి దించావు. భారత సైన్యం ఎత్తుకు అలవాటు పడడానికి మూడు దశలు పాటిస్తుంది: 9,000 అడుగుల నుంచి ఆరు రోజులు, 12,000 దాటాక నాలుగు, 15,000 దాటాక ఇంకో నాలుగు. తొందరపెడితే శత్రువు కనబడకముందే ఊపిరితిత్తుల్లో నీరు చేరి మనుషులు పోతారు. ఆ పద్నాలుగు రోజులూ పైనున్న కొద్దిమందే సరిహద్దు రేఖను కాపాడాలి. నీ రెండో రంగం అసలు కథ అదే.

మంత్రుల సమావేశాలు సగానికి కోసేయి. వాటి బదులు ఊరి మీద పడిన యుద్ధం చూపించు. తైవాన్ కరెంటులో 40 శాతానికి పైగా గ్యాసుదే, అది ఓడల్లో రావాలి, నిల్వ ఉండే ద్రవ గ్యాసు సుమారు 11 రోజులకు సరిపోతుంది. దిగ్బంధం మొదలైతే బాంబు పడకుండానే పన్నెండో రోజు లిఫ్టులు ఆగే అపార్టుమెంటు నీకు దొరికినట్టే. రేషను పెడితే గడువు సాగుతుంది, ఆ రేషను మీద ఇరుగుపొరుగుల తగాదా మొదలవుతుంది.

2023 ఫిబ్రవరిలో తైవాన్ అధీనంలోని మాట్సు దీవులకు వెళ్ళే రెండు సముద్రగర్భ కేబుళ్ళూ తెగాయి. సుమారు 50 రోజులు ఇంటర్నెట్ సరిగా లేదు. యుద్ధం కాదు, కానీ యుద్ధం మొదటి రోజు ఎలా ఉండొచ్చో అందులో ఉంది: ఫోన్‌లో చిన్న మెసేజ్ పోదు, ఎందుకో ఎవరికీ తెలియదు. మూడో అధ్యాయాన్ని అక్కడ నుంచి ఎత్తుకుని మళ్ళీ రాయి. పట్టిక కూడా జతచేసి పంపు, ముందు దాన్నే చూస్తాను.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య