సిస్టర్ల గర్ల్స్ హైస్కూల్లో బోర్డు మీద రాసిన విలువలు క్లాసులో నిజంగా కనిపిస్తాయా?

మీరు అడిగింది ఇది: "హన్మకొండలో ఉంటాం. పాపను వచ్చే ఏడాది ఆరో తరగతికి క్యాథలిక్ సిస్టర్లు నడిపే గర్ల్స్ హైస్కూల్లో వేద్దామనుకుంటున్నాం. వాళ్లిచ్చిన కాగితంలో దైవభక్తి, క్రమశిక్షణ, సేవ, బాలికల సర్వతోముఖాభివృద్ధి అని రాసి ఉంది. ఇవి రాయడానికేనా, నిజంగా ఉంటాయా? మతం వైపు లాగుతారేమోనని మా అమ్మకు టెన్షన్‌గా ఉంది."

నేను 1991 నుంచి 1996 వరకు, ఆరు నుంచి పది దాకా, అలాంటి స్కూల్లోనే చదివాను. మా నాన్న కాజీపేట రైల్వేలో పనిచేసేవారు. ఇంట్లో వెంకటేశ్వరస్వామి పటం, శుక్రవారం అమ్మతో భద్రకాళి గుడి, రెండేళ్లకోసారి మేడారం, ఇదీ మా ఇల్లు. ఇప్పుడు నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో టీచర్‌ని. మా బిడ్డ కూడా వేరే సిస్టర్ల స్కూల్లో చదివి 2022లో పదో తరగతి పాసైంది. కాబట్టి విద్యార్థినిగా చూశాను, తల్లిగా చూశాను, టీచర్‌గా పోల్చి చూసుకునే అవకాశమూ దొరికింది.

ముందు మీ అమ్మగారి టెన్షన్ సంగతి. పొద్దున అసెంబ్లీలో ప్రార్థన ఉంటుంది, చేతులు జోడించి నిలబడతారు. క్లాసు గోడకు సిలువ, వరండా చివర మరియమాత విగ్రహం ఉంటాయి. మా స్కూల్లో క్యాథలిక్ పిల్లలకు జ్ఞానోపదేశం (వాళ్ల మతబోధ) క్లాసు జరుగుతుంటే మిగతావాళ్లం పక్క గదిలో మోరల్ సైన్స్ చదువుకునేవాళ్లం. చర్చిలో జరిగే పూజకు వాళ్లే వెళ్లేవారు, మమ్మల్ని రమ్మని ఎవరూ అనలేదు. ఐదేళ్లలో నా బొట్టు తీసెయ్యమన్నవాళ్లు లేరు. దసరా సెలవులకు ముందు రోజు గ్రౌండ్‌లో బతుకమ్మ ఆడేవాళ్లం. తంగేడు, గునుగు పూలు తెచ్చిన ఊరి పిల్లలే ఆ రోజు మా అందరికీ పెద్దలు. కేరళ నుంచి వచ్చిన ఒక సిస్టర్ మా పాటకు తాళం తప్పకుండా చప్పట్లు కొట్టాలని ముందు రోజు మా దగ్గర నేర్చుకున్నారు. చట్టం కూడా మీ వైపే ఉంది. మైనారిటీలకు తమ విద్యాసంస్థలు పెట్టుకుని నడుపుకునే హక్కును రాజ్యాంగం 30వ అధికరణంలో ఇచ్చింది. అదే రాజ్యాంగం 28వ అధికరణంలో, ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ స్కూలైనా తల్లిదండ్రుల సమ్మతి లేకుండా పిల్లలను మతబోధకో ఆరాధనకో హాజరు కమ్మని నిర్బంధించకూడదని చెప్పింది. ఇంకా సందేహం ఉంటే అడ్మిషన్ రోజే నేరుగా అడగండి. వాళ్లకు ఇది అలవాటైన ప్రశ్నే, ఏమీ అనుకోరు.

ఇక అసలు ప్రశ్న. కాగితం మీద ఉన్న ఆ నాలుగు మాటలూ నాకు ఎప్పుడు అర్థమయ్యాయో చెప్తాను.

విభూది బుధవారంతో క్యాథలిక్కులకు తపస్సు కాలం మొదలవుతుంది. ఈస్టర్ దాకా ప్రార్థన, ఉపవాసం, దానం ఎక్కువగా చేస్తారు. ఆ రోజుల్లో ప్రతి శుక్రవారం మా స్కూల్లో పిల్లలందరం, ఏ మతం వాళ్లమైనా, పిడికెడు బియ్యం తీసుకెళ్లేవాళ్లం. ఆఫీసు పక్కన పెద్ద డ్రమ్ము, దాని మీద తెల్లగుడ్డ కప్పి, మధ్యలో చెయ్యి దూరేంత సందు ఉండేది. గుడ్డ కిందికి చెయ్యి పెట్టి పొయ్యాలి. ఎవరు ఎన్ని పోశారో పక్కవాళ్లకు కనిపించదు. ఆరో తరగతిలో నాకది వింతగా ఉండేది. నేను డబ్బా నిండా తెచ్చాను కదా, అందరూ చూస్తే బాగుండు అనిపించేది. ఎనిమిదో తరగతిలో నా పక్కన కూర్చునే అమ్మాయి ఒక శుక్రవారం ఖాళీ చేత్తో వచ్చింది. వాళ్ల నాన్న వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లులో కార్మికుడు. మిల్లు అప్పటికే దెబ్బతింటోంది, 2002లో పూర్తిగా మూతపడింది. ఆ రోజు తను కూడా లైన్లో నిలబడి, గుడ్డ కిందికి చెయ్యి పెట్టి, తీసి, మామూలుగా క్లాసులోకి వచ్చి కూర్చుంది. నా ఒక్కదానికే తెలుసు. గుడ్డ ఎందుకు కప్పారో అప్పుడు అర్థమైంది. ఆ బియ్యం వృద్ధాశ్రమానికి వెళ్లేవి. కానీ మాకు నేర్పింది బియ్యం ఇవ్వడం కన్నా, ఇవ్వలేనివాళ్ల తల వంచకుండా చూడడం. ఇప్పటికీ నా క్లాసులో ఏ చందా వసూలు చేయాల్సి వచ్చినా మూసిన డబ్బానే పెడతాను, పేర్లు రాయను.

వరండా ఊడ్చే వంతు కూడా అంతే. లిస్టు రోల్ నంబర్ ప్రకారం ఉండేది. డాక్టర్ గారి అమ్మాయైనా, ఆటో నడిపే ఆయన కూతురైనా తన రోజు తను చీపురు పట్టాల్సిందే. పనివాళ్లు రాని రోజున మా పెద్ద సిస్టర్ చీర కొంగు నడుముకు దోపుకుని మాతో పాటు ఊడ్చేవారు. ఆ మాట ఇంట్లో చెప్తే మా నానమ్మ నమ్మలేదు.

ఆడపిల్లలకు మాత్రమే స్కూల్ అంటే కొంతమంది వెనకబాటు అనుకుంటారు. నాకైతే అక్కడ దొరికిన స్వేచ్ఛ తర్వాత కో-ఎడ్ కాలేజీలో వెంటనే దొరకలేదు. స్కూల్ డేకి బెంచీలు మోసింది మేమే, స్టేజీ కట్టింది మేమే, మైక్ సెట్ వైర్లు కలిపింది మేమే. "అది మగపిల్లల పని" అనే మాట వినిపించడానికి అక్కడ మగపిల్లలే లేరు. లెక్కల్లో ఫస్ట్ వచ్చేదీ ఆడపిల్లే, లాస్ట్ వచ్చేదీ ఆడపిల్లే. అందుకని "ఆడపిల్లలకు లెక్కలు రావు" అనే మాటకు చోటే ఉండేది కాదు. నెలసరి గురించి మా అమ్మ కంటే ముందు నాకు వివరంగా చెప్పింది ఒక సిస్టరే. ఏడో తరగతిలో, తలుపు వేసి, బొమ్మ గీసి, సిగ్గుపడకుండా చెప్పారు.

బాలికల సర్వతోముఖాభివృద్ధి అనే పెద్ద మాట వెనక ఇంకో విషయం ఉంది. మా బ్యాచ్‌లో పరకాల వైపు ఊరి నుంచి వచ్చి హాస్టల్లో ఉండే అమ్మాయి సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్లి తిరిగి రాలేదు. పెళ్లి కుదిర్చారని తెలిసింది. పదో తరగతి పరీక్షలకు రెండు నెలలు ఉంది. హాస్టల్ చూసే సిస్టర్ బస్సెక్కి ఆ ఊరు వెళ్లారు. మొదటిసారి వాళ్ల నాన్న మాట్లాడలేదు. మళ్లీ ఆదివారం వెళ్లారు. ఆ అమ్మాయి మాకు తర్వాత చెప్పిన ప్రకారం, సిస్టర్ చట్టం గురించీ పోలీసుల గురించీ ఎత్తలేదట. వాకిట్లో కూర్చుని వాళ్లమ్మతో కలిసి పల్లికాయ ఒలుస్తూ, "పరీక్ష రాయనియ్యమ్మా, ఫీజు సంగతి నేను చూసుకుంట. పద్దెనిమిదేండ్లు నిండినంక అప్పుడు మాట్లాడుకుందాం" అన్నారట. వాళ్లమ్మే చివరికి "సిస్టరమ్మ రెండుసార్లు మన ఇంటికొచ్చింది, ఒట్టి చేతులతో ఎట్ల పంపుతం" అని భర్తను ఒప్పించింది. ఆ అమ్మాయి పరీక్ష రాసింది, పాసైంది, తర్వాత ఏఎన్ఎం (ఊళ్లలో తిరిగే ఆరోగ్య కార్యకర్త) అయింది. ఈ మధ్య తన ఉద్యోగంలో ఒక చిన్నపిల్ల పెళ్లి ఆపించానని ఫోన్ చేసి చెప్పింది. చాలాసేపు మాట్లాడుకున్నాం.

ఇదంతా ఒక్క సిస్టర్ మంచితనం అనుకోకండి. క్యాథలిక్ విద్యకు రాసుకున్న దారి ఒకటి ఉంది. 1965లో రెండో వాటికన్ మహాసభ (ప్రపంచంలోని క్యాథలిక్ బిషప్పుల సభ) క్రైస్తవ విద్య మీద ప్రకటన చేసినప్పుడు, పిల్లలకు మొదటి గురువులు తల్లిదండ్రులేనని చెప్పింది. మా సిస్టర్ పేరెంట్స్ మీటింగ్‌లో ఈ మాట ఎప్పుడూ అనేవారు, అది ఎక్కడిదో నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. మన దేశంలోని క్యాథలిక్ పీఠాధిపతుల (బిషప్పుల) సమాఖ్య 2007లో తెచ్చిన విద్యా విధానం కూడా పేదలకు, అణగారిన వర్గాలకు ముందు చోటు ఇవ్వాలని తన స్కూళ్లకు చెప్పింది. మన దగ్గర వరంగల్ మేత్రాసనం, అంటే ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం, 1952లో ఏర్పడింది. ఇటలీ నుంచి వచ్చిన మిషనరీ ఫాదర్లు మొదట్లో ఇక్కడ పనిచేశారు. గుడి పక్కన బడి, బడి పక్కన దవాఖానా అన్న పద్ధతి మీరు ఫాతిమానగర్ వైపు వెళ్తే ఇప్పటికీ చూడొచ్చు.

అంతా బాగుందని చెప్తే మీకు సగమే చెప్పినట్టు. నన్ను ఇప్పటికీ బాధపెట్టే విషయం ఒకటి ఉంది.

మా స్కూల్లో ఇంగ్లీష్ మాట్లాడాలని ఒక చెక్క బిళ్ల పెట్టారు. తెలుగు మాట్లాడుతూ దొరికిన అమ్మాయి చేతికి ఆ బిళ్ల ఇస్తారు. తను ఇంకొకరిని పట్టుకుని వాళ్లకు అంటగట్టాలి. సాయంత్రం బెల్లు కొట్టేసరికి ఎవరి దగ్గరుంటే వాళ్లు రూపాయి ఫైన్ కట్టాలి. ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ మిల్లు కార్మికుడి కూతురని చెప్పానే, తను ఆ బిళ్లకు భయపడి ఇంటర్వెల్లో నోరు తెరవడమే మానేసింది. అంతకుముందు ఎంత బాగా కథలు చెప్పేదో! రూపాయి కూడా వాళ్లింట్లో లెక్కే. గుడ్డ కప్పిన డ్రమ్ము పెట్టిన స్కూలే ఈ బిళ్ల కూడా పెట్టింది. ఒకటి పేదపిల్ల పరువు కాపాడింది, రెండోది అదే పిల్లను మూగదాన్ని చేసింది. నేను కూడా ఒకసారి ఆ బిళ్ల తన చేతిలో పెట్టాను. తొమ్మిదో తరగతిలో మా తెలుగు టీచర్ స్టాఫ్ మీటింగ్‌లో గట్టిగా మాట్లాడాక ఆ బిళ్ల కనబడకుండా పోయింది. పోయింది గానీ, ఎవరూ అది తప్పని మాతో అనలేదు. అని ఉంటే బాగుండేది. 2018లో తెలంగాణ ప్రభుత్వం స్కూళ్లలో తెలుగు తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది నా పక్కన కూర్చున్న ఆ అమ్మాయే.

కాబట్టి నా అభిప్రాయం ఇది: విలువలు బోర్డు మీద ఎంత బాగా రాశారన్నది చూడకండి. క్లాసులో అందరికంటే తక్కువ మాట్లాడే పిల్ల, ఫీజు ఆలస్యమైన పిల్ల, లెక్కల్లో వెనకబడ్డ పిల్ల, వీళ్లను ఆ స్కూల్ ఎలా చూస్తోందో తెలుసుకోండి. చదువులో చురుకైన పిల్ల ఎక్కడైనా చదువుకుంటుంది.

ఇప్పటి పరిస్థితి నా రోజుల్లో లాగా లేదు. హంటర్ రోడ్డులో, నక్కలగుట్టలో కార్పొరేట్ స్కూళ్ల ఫ్లెక్సీలు చూస్తూనే ఉన్నారు కదా. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అంటున్నారు. ఆ పోటీ ఒత్తిడి సిస్టర్ల స్కూళ్ల మీద కూడా పడింది. మా బిడ్డ చదివిన స్కూల్లో పదో తరగతి పిల్లలకు ఆటల పీరియడ్ తీసేసి స్టడీ అవర్ పెట్టారు. నేనూ ఇంకో నలుగురు తల్లులూ వెళ్లి అడిగితే, వారానికి రెండు పీరియడ్లు మళ్లీ ఇచ్చారు. సిస్టర్ కోప్పడలేదు, "తల్లిదండ్రులే మార్కులు అడుగుతున్నారమ్మా, ఆటలు అడిగింది మీరే" అన్నారు. ఆ మాటలో నిజం ఉంది. స్కూల్ లక్ష్యం ఏదైనా తల్లిదండ్రులు గేటు దగ్గర ఏం అడుగుతారో దాన్ని బట్టి మారుతుంది. మీ పాపను వేసిన తర్వాత మీటింగ్‌కు వెళ్లినప్పుడు ర్యాంకు ఒక్కటే అడిగి వచ్చేయకండి.

ఇంకో మాట. సిస్టర్లు ట్రాన్స్‌ఫర్ అవుతుంటారు. కొన్నేళ్లకు పెద్ద సిస్టర్ మారితే స్కూల్ నడిచే తీరు కూడా కొంత మారుతుంది. అందుకే ఎప్పుడో చదివిన నాలాంటి వాళ్ల మాట మీద పూర్తిగా ఆధారపడకుండా, ఇప్పుడు అక్కడ ఎనిమిదో తొమ్మిదో చదువుతున్న పిల్లల తల్లులతో మాట్లాడండి. ఫీజు కట్టడం ఆలస్యమైతే పిల్లను నిలబెడతారా, మీకు ఫోన్ చేస్తారా? హోంవర్క్ చేయకపోతే ఏం చేస్తారు? చదువులో వెనకబడితే సాయంత్రం కూర్చోబెట్టి చెప్తారా, ట్యూషన్ పెట్టించుకోమంటారా? ఈ మూడు అడిగితే చాలావరకు తెలిసిపోతుంది. ఫీజులో రాయితీ కావాలంటే మొహమాటపడకుండా పెద్ద సిస్టర్‌నే అడగండి. ఆఫీసులో క్లర్క్‌ను అడిగితే లేదనే చెప్తారు. మా నాన్నకు అలాగే జరిగింది. సిస్టర్‌ను కలిశాక సగం తగ్గించారు.

అప్లికేషన్ తెచ్చుకోవడానికి మీరొక్కరే వెళ్లకండి, పాపను కూడా తీసుకెళ్లండి. ఇంటర్వెల్ టైముకు వెళ్తే మంచిది. గ్రౌండ్ పక్కన కాసేపు నిలబడి పిల్లలు ఏ భాషలో, ఎంత గట్టిగా నవ్వుతున్నారో వినండి. తర్వాత నానమ్మకు ఏం చెప్పాలో పాపే చెప్తుంది.