పాపా, ప్రారంభం రోజుకి తొట్టి ఖాళీగా ఉన్నా ఫర్వాలేదు

చిత్తూరు
ఆదివారం రాత్రి

పాపకు మామ ఆశీస్సులు.

మీ అమ్మ పొద్దున ఫోన్ చేసి నీ క్లినిక్ ప్రారంభం సంగతి చెప్పింది. పన్ను పీకించుకోవడానికొచ్చే పిల్లలు ఏడవకుండా వెయిటింగ్ హాల్లో సముద్రపు చేపల తొట్టి పెడుతున్నావట. వచ్చే ఆదివారం చెన్నై కొళత్తూరు వెళ్ళి చేపలు తెచ్చి, 18 రోజులు మేడమీద రేకుల గదిలో క్వారంటైన్‌లో ఉంచి, ముహూర్తానికి హాల్లోకి దించుతావట. కొత్త చేపల్ని విడిగా ఉంచాలని ఎవరూ చెప్పకుండానే అనుకున్నావు చూడు, అక్కడ నాకు కడుపు నిండిపోయింది. కానీ ఆ 18 అనే మాట విన్నప్పటినుంచీ మనసు మనసులో లేదు.

ముందు మామూలు సంగతులు. రెండడుగుల తొట్టి చాలు. అడుగున ఇసుక, రాళ్ళు వద్దు, దాక్కోవడానికి పీవీసీ పైపు ముక్కలు వెయ్యి. మూత ఉండాలి, ఈ చేపలు ఎగిరి కింద పడతాయి. వల, బకెట్, గొట్టం దీనికి వేరుగా పెట్టుకో. తడి వల ఒక్కటి చాలు, రోగం ఆ తొట్టిలోంచి ఈ తొట్టిలోకి రావడానికి.

నీళ్ళు కల్యాణి డ్యాంవైనా, తెలుగు గంగవైనా కుళాయిలోకి వచ్చేసరికి క్లోరిన్ ఉంటుంది. ఆర్వో నీళ్ళే వాడు. ఇంట్లో తాగే మెషిన్ల నీళ్ళలో రుచి కోసం కొంత టీడీఎస్, అంటే కరిగిన లవణాలు, ఉంచుతారు, మీటరు పెట్టి చూడకుండా నమ్మొద్దు. తొట్లకని అమ్మే సముద్రపు ఉప్పు కలిపాక ఒక రాత్రి మోటారుతో తిరగనిచ్చి, సాంద్రత 1.025 దగ్గర ఉందో లేదో చూసుకో. నీళ్ళు ఆవిరవుతాయి గానీ ఉప్పు ఆవిరి కాదు. తగ్గినంత మేరకు పోసేది మంచినీళ్ళే.

ఆ రేకుల గది మాత్రం వద్దు తల్లీ. కత్తిరి ఎండల్లో మన తిరుపతిలో పగలు 40 డిగ్రీలు దాటుతుంది, రేకుల కింద ఇంకా ఎక్కువ. ఈ చేపలకు 26 డిగ్రీలు హాయి. నీళ్ళు వేడెక్కేకొద్దీ ఆక్సిజన్ తగ్గుతుంది, పైగా కరెంటు పోతే గాలి మోటారు కూడా ఆగుతుంది. తొట్టిని కింద ఇన్వర్టర్ ఉన్న గదిలో పెట్టు. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి కొని పక్కనే ఉంచు. మీ అమ్మ గొణిగితే నేను మాట్లాడతా.

ఇక అమ్మోనియా. చేపలు వదిలే విషం అది. కొత్త తొట్టిలో దాన్ని తినే బ్యాక్టీరియా ఉండదు. అందుకని స్పాంజి ఫిల్టర్‌ని ఇవాళే హాల్లో పెద్ద తొట్టి సంపులో, అదే కింద నీళ్ళు వడకట్టే తొట్టిలో, వేసెయ్, చేపలొచ్చేసరికి దానికి కొంతైనా ప్రాణం పడుతుంది. అయినా అది చాలదు, రోజూ టెస్ట్ చెయ్యి. ఉప్పునీళ్ళ పీహెచ్ 8 పైనే ఉంటుంది కాబట్టి అదే అమ్మోనియా మంచినీళ్ళలో కంటే ఇక్కడ ఎక్కువ విషం. రంగు కొంచెం మారినా నీళ్ళు మార్చు.

కొళత్తూరు నుంచి కవర్లో మూడు నాలుగు గంటలు వస్తాయి కదా, కవరు విప్పి గంటసేపు చుక్కచుక్కగా నీళ్ళు కలుపుతూ కూర్చోకు. విప్పగానే కవర్లో పేరుకున్న కార్బన్ డయాక్సైడ్ పోతుంది, పీహెచ్ పెరుగుతుంది, అంతసేపూ చప్పగా ఉన్న అమ్మోనియా అప్పుడు కాటేస్తుంది. షాపులోనే వాళ్ళ నీళ్ళ సాంద్రత అడిగి, మీ ఇంట్లో తొట్టి నీళ్ళు అంతకే సరిచేయించు. కవరును పావుగంట తేలనిచ్చి, చేపను మాత్రం తీసి వదులు, ఆ నీళ్ళు పారబొయ్యి.

ఇప్పుడు 18 రోజుల సంగతి. ఇది ఇంతవరకూ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

15 ఏళ్ళ కిందట, నేను తిరుపతిలో షాపు పెట్టిన కొత్తలో, రిటైరైన హెడ్మాస్టరు ఒకాయన తన తొట్టికి నీలం ట్యాంగ్ చేప కావాలన్నారు. ఆయన తొట్టిలో అప్పటికే ఆరు చేపలుండేవి. రెండు క్లౌన్ చేపలు ఆయన చేతిలోంచే మేత తినేవి. ట్యాంగ్‌ని తెచ్చి నా దగ్గర విడిగా పెట్టా. రెండోరోజు దాని ఒళ్ళంతా ఉప్మారవ్వ చల్లినట్టు తెల్లమచ్చలు. క్రిప్టోకారియాన్ అనే పురుగు తెచ్చే తెల్లమచ్చల రోగం. రాగి మందు వేశా. అయిదోరోజుకి ఒక్క మచ్చ లేదు, చేప నిగనిగలాడుతోంది. నా మందు పనిచేసిందని పొంగిపోయా. ఆ వారంలోనే మనవళ్ళు వస్తున్నారని సార్ అడిగారు. ఆరోరోజు సాయంత్రం నేనే తీసుకెళ్ళి ఆయన తొట్టిలో వదిలా.

ఆ పురుగు చేప మీద ఉండేది మూడు నుంచి ఏడు రోజులే పాపా. కడుపు నిండాక దానంతటదే రాలి, అడుగున గుడ్డులాగా గట్టి పొర కట్టుకుంటుంది. ఆ పొరలోకి రాగి వెళ్ళదు. చేప చర్మంలో ఉన్నదాన్నీ ఏమీ చెయ్యలేదు. పొర పగిలి పిల్లలు నీళ్ళలోకి ఈదుకొచ్చినప్పుడే మందుకు దొరుకుతాయి. మచ్చలు పోయాయని నేను సంబరపడిన రోజున అవి చావలేదు, చోటు మారాయి. కొన్ని చేప మొప్పల్లో ఉండిపోయాయి, కంటికి కనబడవు. వాటినే మోసుకెళ్ళి సార్ ఇంట్లో వదిలా.

పది రోజుల తర్వాత తెల్లవారుజామున ఫోన్ చేశారు. వెళ్ళేసరికి క్లౌన్ ఒకటి ఫిల్టరు నీళ్ళు పడేచోట అలాగే నిలబడి ఉంది, మొప్పలు టపటపా కొట్టుకుంటున్నాయి. ఇంకోటి రాయికి ఒళ్ళు రుద్దుకుంటోంది. వారంలో ఏడూ పోయాయి. సార్ ఒక్కొక్కదాన్నీ పేపర్లో చుట్టి పెరట్లో మందారచెట్టు కింద పెట్టారు. నన్ను ఒక్క మాట అనలేదు. "ఇంకెన్ని రోజులు ఉంచుంటే సరిపోయేదయ్యా?" అని అడిగారు. నాకు తెలీలేదు. తల దించుకుని వచ్చేశా. తర్వాత చదివి, అడిగి తెలుసుకుని చెబుదామని వెళ్తే ఆయన ఖాళీ తొట్టిని ఎవరికో ఇచ్చేశారు.

30 రోజులు పాపా. అది కూడా మందు మోతాదు పూర్తిగా అందిన రోజు నుంచి లెక్క. మామూలు రాగి అయితే లీటరుకు 0.15 నుంచి 0.25 మిల్లీగ్రాములు. కీలేటెడ్ రకానికి, అంటే రాగిని వేరే పదార్థంతో కట్టేసి అమ్మే మందుకి, లెక్క వేరు, 2 పైన ఉంటుంది, సీసా చూసి వెయ్యి. రెండు మూడు రోజుల్లో మెల్లగా పెంచి, రోజూ కొలువు. ఒక్కరోజు తగ్గినా లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. యాంటీబయాటిక్ కోర్సు మధ్యలో ఆపొద్దని రోగులకు నువ్వే చెప్తావు, ఇదీ అంతే. నీళ్ళు మార్చినప్పుడు కొత్త నీళ్ళలోనూ అంతే రాగి కలపాలి. తొట్టిలో నిజంగా ఎన్ని లీటర్లు పట్టాయో బకెట్లతో కొలిచి గీత గీసుకో. రాగి ఉన్న నీళ్ళలో అమ్మోనియా తగ్గించే మందు వెయ్యకు, రాగి ఇంకా విషమవుతుంది. టమాట తోటలకు కొట్టే మైలుతుత్తం కూడా రాగే కదా అని ఎవరైనా సలహా ఇస్తే వినకు.

రవ్వలా కాకుండా జల్లించిన పసుపు దులిపినట్టు సన్నగా కనబడితే అది వెల్వెట్ అనే ఇంకో రోగం. చేప మేత మానేసి, వెలుతురుకు దాక్కుని, ఊపిరికి ఎగపోస్తుంది. తెల్లారాక చూద్దాం అనుకోకు, అర్ధరాత్రయినా నాకు ఫోన్ చెయ్యి.

రాగి అయ్యాక ఒంటికీ మొప్పలకూ అంటుకునే ఫ్లూక్ పురుగులకు ప్రాజిక్వాంటెల్ మందు, ఆపైన ఊరికే చూసే రోజులు. మొత్తం ఆరు వారాలు. నీ ముహూర్తం ఆగనక్కర్లేదమ్మా. ఆ రోజుకి హాల్లో తొట్టి రాళ్ళతో, లైటుతో ఉంటుంది, చేపలేవని పిల్లలు అడిగితే వస్తున్నాయని చెప్పు. అప్పటివరకూ అందులోకి ఏ చేపనీ దించొద్దు. ఆ పొరలు కొన్ని 72 రోజులకు కూడా పగులుతాయి, పెద్ద తొట్టికి ఒక్కసారి అంటుకుంటే 76 రోజులు చేపల్లేకుండా ఖాళీగా ఉంచాల్సిందే.

నీళ్ళలో ఉప్పు కొలిచే నా రిఫ్రాక్టోమీటరు మీ అమ్మ చేతికిచ్చి పంపిస్తున్నా. ఆర్వో నీళ్ళతో సున్నా చూసుకుంటే చాలదు, పెట్టెలో 35 అని ఉప్పు కొలత రాసిన చిన్న సీసా ఉంటుంది, ఆ ద్రావణంతో సరిచేసుకో. ఆదివారం ఒక్కదానివే వెళ్ళకు, నేనూ వస్తున్నా.

మీ మామ