దివాలా కోర్టు నోటీసులు ఈమెయిల్‌కే రావాలంటే

అమెరికాలో చాప్టర్ 7 దివాలా కేసు వేశాక అపార్ట్‌మెంట్లు మారుతున్నామని, కోర్టు ఉత్తరాలు చేతికి అందట్లేదని అడిగారు కదండీ. టెన్షన్ పడకండి, దీనికి డెబిఎన్ (DeBN) అని, కోర్టు నోటీసులను పోస్టుకు బదులు ఈమెయిల్‌కు పంపే సదుపాయం ఉంది, పూర్తిగా ఉచితం. మీ దివాలా కోర్టు వెబ్‌సైట్‌లో ఆ దరఖాస్తు ఉంటుంది. నింపి, సంతకం చేసి కోర్టుకే ఇవ్వాలి. లాయరు ఉంటే ఆయనకు చెప్పండి. కేసులో పేరు, చిరునామా ఎలా ఉన్నాయో అక్షరం తేడా లేకుండా అలాగే రాయండి. భార్యాభర్తలు కలిసి వేసిన కేసైతే ఎవరి దరఖాస్తు వారిదే.

అసలు జాగ్రత్త ఇక్కడ. ఈమెయిల్‌కు వచ్చేవి కోర్టు పంపే నోటీసులు, ఉత్తర్వులు మాత్రమే. ట్రస్టీ (మీ దివాలా కేసు చూసుకోవడానికి నియమించిన వ్యక్తి), అప్పులిచ్చినవాళ్లు పంపే కాగితాలు పోస్టులోనే వస్తాయి. అందుకే ఇల్లు మారినప్పుడల్లా కొత్త చిరునామా కోర్టుకు తెలియజేయాల్సిందే, ఇది మాత్రం దయచేసి వదిలేయకండి. ఈమెయిల్ వెనక్కి తిరిగొస్తే డెబిఎన్ ఖాతా ఆగిపోయి మళ్లీ పోస్టు మొదలవుతుంది. కాబట్టి ఉద్యోగం మారితే పోయే ఆఫీసు ఈమెయిల్ వద్దు, సొంతది ఇవ్వండి. స్పామ్ ఫోల్డర్ కూడా చూస్తూ ఉండండి.