సంక్రాంతి నవలలో మాటల్లేని అక్కాతమ్ముళ్లను కలపడం ఎలా?

మీరు అడిగింది ఇది: ఇంగ్లిషులో క్రిస్మస్ సెలవులకు వచ్చే హాయి నవలల్లాంటిది సంక్రాంతి మీద రాస్తున్నారు. ఆస్తి గొడవతో విడిపోయిన అక్కాతమ్ముళ్లు అమ్మ ఇంట్లో కలుస్తారు. పండగ సాయంత్రం తమ్ముడు క్షమించమని అక్క కాళ్ల మీద పడతాడు, ఇద్దరూ ఏడుస్తారు, కనుమ పొద్దున్నే అక్క బస్సెక్కుతుంది. ఎన్నిసార్లు తిరగరాసినా ఆ దృశ్యం నాటకంలా వస్తోందంటున్నారు.

వస్తుంది మరి. నేను అలాంటి తమ్ముణ్ణే కాబట్టి చెబుతున్నాను, నేను అక్క కాళ్ల మీద పడలేదు. పడి ఉంటే లేవమని కూడా అనేది కాదు.

మాది అమలాపురం దగ్గర పల్లె. తాతల నాటి కొబ్బరితోట రెండెకరాలు. నాన్న 2012లో పోయారు. మరుసటి ఏడు తోట నా పేరు మీదికి మార్చుకోవాలంటే అక్క హక్కు వదులుకున్నట్టు సంతకం కావాల్సి వచ్చింది. నేను హైదరాబాదులో ఉద్యోగం, తీరిక లేదు అనుకుని, దస్తావేజులు రాసే ఆయన చేతికి కాగితాలిచ్చి అక్క ఇంటికి కారు పంపాను. అక్క ఆ కారులోనే రిజిస్ట్రారు ఆఫీసుకు వచ్చి, చెప్పిన చోటల్లా సంతకం పెట్టి, పెన్ను బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. ఒక్క మాట అనలేదు. తర్వాత ఆరేళ్లు అనలేదు.

గొడవ పొలం గురించే అయితే కోర్టుకు వెళ్లేది. గెలిచేది కూడా. ఇక్కడ మీ కథలో ఒకటి సరిచూసుకోండి, అక్క పెళ్లి ఏ సంవత్సరంలో జరిగిందో మీరు రాయలేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు కొడుకుతో సమానంగా హక్కు ఇచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది, కానీ అప్పటికే పెళ్లయిపోయిన వాళ్లకు వర్తించలేదు. మా అక్క పెళ్లి 1984లో. 2005 సెప్టెంబరు 9 నుంచి అమలైన కేంద్ర సవరణలో ఆ తేడా లేదు. అంటే ఇరవై ఏళ్లు 'నీకేమీ రాదు' అని విన్న మనిషికి హక్కు వచ్చింది, ఆ హక్కును నేను అడగనైనా అడగకుండా కారు పంపి తెప్పించుకున్నాను. మీ కథలో 'ఆస్తి గొడవ' అని రెండు మాటల్లో తేల్చేశారు. పాఠకులకు కావాల్సింది ఆ కారు.

2019 సంక్రాంతికి అమ్మ ఇద్దరికీ విడివిడిగా ఫోను చేసింది. "నువ్వు రాకపోతే ఈసారి పిండివంటలు లేవు, పాకం పట్టే ఓపిక నాకు లేదు" అని నాతో, అదే మాట అక్కతో. ఆమెకప్పుడు డెబ్బై ఎనిమిదేళ్లు. పండగ రద్దీలో చౌటుప్పల్ దాటడానికే నాకు మధ్యాహ్నమైంది. రాత్రి ఇల్లు చేరేసరికి వంటింట్లో అక్క కూర్చుని ఉంది. నన్ను చూసి, మా అమ్మాయితో "మీ నాన్న కాళ్లు కడుక్కున్నాక అన్నం తింటాడేమో అడుగు" అంది. మా అమ్మాయి నా వైపు తిరిగి అదే మాట అప్పజెప్పింది. నేనూ దాని ద్వారానే జవాబిచ్చాను. రెండు పూటలు ఈ తపాలా నడిచింది. మాటల్లేని వాళ్లంటే మౌనంగా ఉంటారని మీరు రాశారు, మన ఇళ్లలో మౌనం ఉండదు, మధ్యలో ఒక పిల్ల ఉంటుంది.

ఇక అరిసెలు. బియ్యం నానబెట్టి, నీళ్లు వాడ్చి, తడి మీదే పిండి పట్టించారు. ఆ తడి ఆరేలోపు పాకంలో పడాలి. అక్క బెల్లం పాకం చుక్క నీళ్లలో వేసి, వేలితో కూడగట్టి చూస్తోంది. మెత్తగా ఉండ కట్టాలి. లేతగా ఉంటే అరిసె నూనెలో విచ్చిపోతుంది, ముదిరితే రాయి అవుతుంది. పాకం వచ్చిన క్షణంలో ఒకరు పిండి వేస్తుంటే ఒకరు ఉండ కట్టకుండా కలపాలి. ఒంటి చేత్తో అయ్యే పని కాదు. అమ్మ సరిగ్గా అప్పుడే పెరట్లోకి వెళ్లింది, మా అమ్మాయిని కూడా వెంటబెట్టుకుని.

పిండి పళ్లెం నా దగ్గరుంది. అక్క తెడ్డు పట్టుకుని తల ఎత్తకుండానే, "వెయ్యి" అంది. వేశాను. "ఇంకా. ఇంకా కొంచెం. ఆపరా, మొత్తం కుమ్మరిస్తావా!"

ఆ 'రా' అప్రయత్నంగా వచ్చేసింది. తర్వాత ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. ఆమె చలిమిడి నూనె రాసిన ఆకు మీద తట్టి వేస్తోంది, నేను కాలిన వాటిని రెండు చెక్కల మధ్య పెట్టి నూనె ఒత్తుతున్నాను. మొదటి వాయిలో నేను ఒత్తినవి అప్పడాల్లా పల్చబడితే తీసి పక్కన పెట్టింది, అంతే.

మీకు నచ్చిన ఇంగ్లిషు నవలల్లో మంచు తుఫాను వచ్చి దారులు మూసేస్తుంది, వెళ్లిపోదామనుకున్న వాళ్లు ఇరుక్కుపోతారు. మనకు ఆ పని కనుమ చేస్తుంది. మా బావ కూడా మీ కథలోలాగే కనుమ పొద్దున బస్సుకి టికెట్టు తీశారు. అమ్మ గుమ్మంలో కూర్చుని, "కనుమ నాడు కాకైనా కదలదు" అంది. టికెట్టు డబ్బులు పోయాయి. ఆ రోజు గారెలు తిని, మధ్యాహ్నం అరుగు మీద కూర్చున్నప్పుడు అక్క అంది, "ఆ కాగితం నువ్వే తెచ్చి ఉంటే చదవకుండా పెట్టేదాన్ని సంతకం." నేను "అవును" అన్నాను. అంతకు మించి నాకేమీ తోచలేదు. కాసేపటికి అక్క, తోటలో ఉత్తరం గట్టున నాన్న వేసిన చెట్టు ఇంకా కాస్తోందా అని అడిగింది. చూపించడానికి తీసుకెళ్లాను.

తోట ఇంకా నా పేరునే ఉంది. సగం నీ పేర రాస్తానని రెండుసార్లు అడిగాను, రెండుసార్లూ మాట మార్చింది. అందులో ఇంకా ఏదో మిగిలి ఉందని నా అనుమానం. మీ నవలలో కూడా అంతా తేల్చేయకండి.

ఆ బస్సు మాత్రం ముక్కనుమకు మార్చండి. ఇంకొకటి, మీ కథలోని ఇంట్లో అరిసెలు పండగ పొద్దున వండుతున్నారు. మామూలుగా అవి ముందే వండి డబ్బాలకెత్తుతారు. భోగి నాటికి కూడా మా ఇంట్లో కాలేదంటే అది అమ్మ చేసిన కుట్ర. మీ కథలో అమ్మకు అలాంటి కుట్ర ఏదైనా ఉంటే సరే, లేకపోతే వంటలు తెలిసిన పాఠకులు మొదటి పేజీలోనే పట్టుకుంటారు.