మీరు లేకున్నా డ్రైయర్ నడవాలంటే

ప్రశ్న: మాకు బాయిల్డ్ రైస్ మిల్లు ఉంది. నాన్నకు ఆరోగ్యం బాగాలేక ఏడాదిగా నేనే చూస్తున్నాను. ప్రతిదానికీ ఫోనే. ఎత్తకపోతే వడ్లు ఆరబెట్టే డ్రైయర్ ఆపి కూర్చుంటారు. మొన్న నూక బాగా పెరిగిందని ఆపరేటర్‌ను అందరి ముందూ అరిచాను. మర్నాటి నుంచి రావడం లేదు.
- ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: నూక ఎందుకు పెరిగిందో తేల్చకముందే అరిచినట్టున్నారు. పచ్చిగా ఉన్న వడ్లు మరకు వదిలినా గింజ విరుగుతుంది, ఒకే ఊపున ఆరబెట్టినా పగులుతుంది. ఆవిరి పట్టిన వడ్లను 16 - 18 శాతం తేమ దగ్గర దించి, కనీసం నాలుగు గంటలు వేడిగాలి తగలకుండా అలాగే ఉంచి, రెండో విడతలో 14కు తేవాలి. లారీ తొందరలో ఆ నాలుగు గంటలు ఎవరు తగ్గించమన్నారో ముందు కనుక్కోండి. మీరే అయి ఉండొచ్చు.

ఇక ఫోన్ల సంగతి. వారం రోజులు ఒక నోటుబుక్కులో రాయండి: ఎవరు చేశారు, ఏం అడిగారు, మీరేం చెప్పారు. ప్రతిసారీ మీరు ఒకే జవాబు చెప్పిన ప్రశ్నలన్నీ ఇకమీదట వాళ్లవే. జీతం అడ్వాన్సు, కొత్త మనిషి, మోటారు రీవైండింగ్ లాంటి ఖర్చు మీ దగ్గరే ఉంచుకోండి. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పండి: బాయిలర్ గేజి గ్లాసులో, అంటే నీటి మట్టం చూపే గాజు గొట్టంలో, నీళ్లు కనపడకపోతే మంట ఆపడానికి ఎవరినీ అడగొద్దు. ఆ సమయంలో చన్నీళ్లు ఎక్కించొద్దు.

పని అప్పగించేది ఆఫీసు గదిలో కాదు, డ్రైయర్ పక్కన నిలబడి. "మంచిగ ఆరనియ్యి" అంటే చెప్పినట్టు కాదు, అంకె చెప్పాలి. మూడు చోట్ల గింజ తీసి, చల్లారాక తేమ మీటర్లో పెట్టమనండి. వేడి గింజకు రీడింగ్ తప్పొస్తుంది. ఆ అంకెలు గోడ మీద రాయించండి, బిహార్ హమాలీలుంటే హిందీలో కూడా. "సమజైందా?" అంటే అందరూ తలూపుతారు. "17కు వచ్చింది, నేను ఫోన్ ఎత్తలే, ఏం జేస్తవ్?" అని అడగండి. మొదటి మూడు బ్యాచ్‌లు పక్కనే ఉండండి, నోరు మెదపకుండా. ఇదే కష్టం. తర్వాత రీడింగ్ పుస్తకం చూస్తే చాలు. అప్పుడు కూడా ఫోన్ వస్తే, "నువ్వేమనుకుంటున్నవ్?" అని ముందు అతన్నే అడగండి.

ఆపరేటర్ ఇంటికి మీరే వెళ్లండి, గుమస్తాను పంపకండి. అతను వచ్చిన రోజు, ఎవరి ముందు అరిచారో వాళ్లందరి ముందే "నాది తప్పయింది" అనండి. చేతిలో ఐదొందలు పెడితే ఆ మాట అన్నట్టు కాదు.

ప్రశ్న: నిన్నటిదాకా ఒకే షిఫ్టులో ఉన్న దోస్తులకు ఇప్పుడు నేను సూపర్‌వైజర్‌ను. నైట్ షిఫ్ట్ వేస్తే అలుగుతున్నారు.
- ఒక పాఠకురాలు, చౌటుప్పల్

జవాబు: నెల మొత్తం షిఫ్టుల పట్టిక ముందే రాసి నోటీసు బోర్డుకు పెట్టండి. మొదటి వారం నైట్‌లో మీ దగ్గరి స్నేహితురాలి పేరే ఉండాలి, ఆమెకు ఆ మాట ముందురోజే విడిగా చెప్పండి. మార్చుకోవాలంటే ఇద్దరూ ఒప్పుకుని, 24 గంటల ముందు ఇద్దరూ సంతకం పెట్టివ్వాలి. నోటిమాటతో ఒక్కరికి మార్చారా, ఆ పట్టికను ఇక ఎవరూ చూడరు.