రికార్డు ప్రెస్సుకు ఆవిరి ఎందుకు? కరెంటు హీటర్ చాలదా?

ఇక్కడ అడిగిన ప్రశ్న ఇది: "వినైల్ రికార్డులు అచ్చు వేసే ప్రెస్సులకు ఇంకా బాయిలరు, ఆవిరి అంటూ ఎందుకు? కరెంటు హీటర్లు పెడితే పనైపోదా?"

అవదండీ. అడిగినవారి దృష్టంతా వేడి చేయడం మీదే ఉంది. రికార్డు బాగుపడేదైనా, పాడయ్యేదైనా చల్లార్చే దగ్గరే. నేను విజయవాడ ఆటోనగర్‌లో రబ్బరు మౌల్డింగ్ షెడ్డులో చాలా ఏళ్లు పనిచేశాను. ఇంట్లో నాన్నగారి ఎల్పీలు, అంటే పెద్ద వినైల్ రికార్డులు, ఇప్పటికీ వింటాను. అందుకే ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

మా షెడ్డులో లారీలకు బుష్‌లు, ఇంజను మౌంటింగులు చేసేవాళ్లం. ప్రెస్సు పలకల్లో కరెంటు హీటర్లే ఉండేవి. రబ్బరుకు అవి చక్కగా సరిపోతాయి, ఎందుకంటే రబ్బరు వేడికే ఉడికి గట్టిపడుతుంది. డై, అంటే అచ్చు, తెరిచి వేడివేడిగా లాగేసినా ఆకారం పోదు. పలకలు రోజంతా ఒకే వేడి మీద ఉంటే చాలు.

ఒకసారి పంపుల వ్యాపారం చేసే ఒకాయన పీవీసీ గుళికలు, ఒక గుండ్రటి డై తెచ్చి, పళ్లెమంత బిళ్లలు కావాలన్నాడు. సాయంత్రానికల్లా ఇవ్వాలని ప్రెస్సు పక్కనే కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. మా పెద్ద మేస్త్రి ముందే చెప్పాడు, "ఇది రబ్బరు కాదండీ, చల్లారితేనే గట్టిపడుద్ది. ఇప్పుడే తెరవకూడదు" అని. ఆయన వింటేగా. "సరుకు నాది, డై నాది, తియ్యవయ్యా" అన్నాడు. తీశారు. సగం బిళ్ల డైకి అంటుకుని సాగిపోయింది. మిగతా సగం బల్ల మీద పెట్టీ పెట్టగానే అంచులు అప్పడంలా పైకి లేచాయి. రెండోసారి మెయిన్ ఆపించి, డై మీద గొట్టంతో నీళ్లు కొట్టమన్నాడు. బుస్సుమని ఆవిరి లేచింది, షెడ్డంతా తడిసింది. నీళ్లు పడిన వైపు ముందు బిగుసుకుంది, రెండో వైపు ఇంకా మెత్తగానే ఉంది. ఆ బిళ్లా వంగిపోయింది. ఇక మేస్త్రి ఆయన్ని పక్కకు జరగమని, మూడోదాన్ని ఒత్తిడి తగ్గించకుండా డైలోనే ఉంచి హీటర్లు కట్టేశాడు. మేం భోజనాలు చేసి, వేరే పనులు చూసుకుని వచ్చి తెరిస్తే బిళ్ల ఎక్కడా వంపు లేకుండా వచ్చింది. కానీ ఒక్క బిళ్లకు పూటంతా పట్టింది.

"హీటరు వేడి ఎక్కిస్తది గానీ దింపలేదబ్బాయ్" అన్నాడు మేస్త్రి. మీ ప్రశ్నకు అసలు జవాబు అదే.

రికార్డు కూడా పీవీసీ జాతి ప్లాస్టిక్కే. ఎక్స్‌ట్రూడర్‌లో, అంటే గుళికలను కరిగించి బయటికి నెట్టే యంత్రంలో, కరిగిన ముద్దకు పైనొకటి, కిందొకటి కాగితం లేబుళ్లు పెట్టి, పాట గాడుల అచ్చు ఉన్న రెండు నికెల్ పలకల (స్టాంపర్ల) మధ్య వంద టన్నులకు పైగా ఒత్తిడితో నొక్కుతారు. స్టాంపర్ల వెనక ఉండే డైల లోపల సన్నటి కాలువలు ఉంటాయి. ముందు వాటిలోకి ఆవిరి వదులుతారు. గాడి నిండా ప్లాస్టిక్ పారాక అవే కాలువల్లోకి చన్నీళ్లు వదులుతారు. ఒక రికార్డుకు దాదాపు అర నిమిషం, అంతే. ఆవిరి నీరుగా మారేటప్పుడు కిలోకు 2,000 కిలోజౌళ్ల దాకా వేడి ఇస్తుంది, అదీ ఒకే ఉష్ణోగ్రత దగ్గర. 10 బార్ పీడనంలో అది సుమారు 180 డిగ్రీలు. అందుకే డై మధ్యలోనూ అంచులోనూ వేడి ఒకేలా, వెంటనే ఎక్కుతుంది. ఇప్పుడు బాయిలరు లేకుండా, పీడనంలో ఉంచిన వేడినీళ్లతో నడిచే ప్రెస్సులూ వచ్చాయి. వాటిలోనూ వేడి దింపడానికి చన్నీళ్లు కావాల్సిందే.

ప్లాస్టిక్ పారకముందే నీళ్లు వదిలితే గాడి పూర్తిగా నిండదు, పాట మధ్యలో చరచరమని చప్పుడు వస్తుంది. చల్లారకముందే తెరిస్తే రికార్డు వంగుతుంది. పై డై, కింద డై సమానంగా చల్లారకపోతే ఆలస్యంగా చల్లారిన వైపు ఎక్కువ ముడుచుకుని, రికార్డు గిన్నెలా గుంట పడుతుంది.

నీళ్ల సంగతి కూడా చెప్పాలి, దాన్ని ఎవరూ పట్టించుకోరు. మన బోరు నీళ్లు ఇలాంటి యంత్రాల్లోకి నేరుగా పంపితే కాలువల్లో తెల్లటి సున్నపు పొర కడుతుంది. అది ఎక్కడ మందంగా ఉంటే అక్కడ డై ఆలస్యంగా చల్లారుతుంది. ఆటోనగర్‌లో లక్షలు పోసి మెషీను కొంటారు, నీళ్లు శుద్ధిచేసే ప్లాంటు అడిగితే మాత్రం "తర్వాత చూద్దాం" అంటారు. ఆ పొర చూసి చూసి నాకు విసుగొచ్చింది.

కోల్‌కతా దగ్గర డమ్‌డమ్‌లో గ్రామఫోన్ కంపెనీ వారు ఏళ్ల తరబడి ఈ పనే చేశారు. నాన్నగారి దగ్గరున్న అక్కడి ప్లేట్లు ఎన్నో బెజవాడ వేసవులు చూశాయి. నిలువుగా బీరువాలో పెట్టుకున్నాం కాబట్టి ఒక్కటీ వంగలేదు.

నా కోపమంతా ఇప్పటి అమ్మకందారుల మీద. ఈమధ్య వేలకు వేలు పోసి ఆన్‌లైన్‌లో తెప్పించిన కొత్త రికార్డు గిన్నెలా వచ్చింది. ఫోన్ చేస్తే "మీ విజయవాడ ఎండకు అలా అయిందండీ" అన్నారు. పార్సిల్ వచ్చింది డిసెంబరులో! పైగా ఎండకు వంగిన రికార్డు అలలు అలలుగా, ఒక పక్క ఎక్కువ లేస్తుంది. చుట్టూ ఒకే కొలతలో అంచు లేచిందంటే అది చాలావరకు ప్రెస్సులో జరిగిన తప్పే. ఆ సంగతి రెండుసార్లు విడమరిచి చెబితే గానీ మార్చి ఇవ్వలేదు.

కాబట్టి మీరు కొత్త రికార్డు కొంటే వచ్చిన రోజే అద్దం బల్ల మీద పెట్టి, అంచు కింద వెలుతురు కనపడుతుందేమో చుట్టూ తిప్పి చూడండి. అంచు సమానంగా లేచి ఉంటే పక్క నుంచి ఫొటో తీసి పంపండి. ఎండ మాట ఎత్తితే ఒప్పుకోకండి. రెండు అద్దాల మధ్య పెట్టి డాబా మీద ఎండబెట్టమని సలహా ఇస్తారు కొందరు, ఆ పని అసలు చేయొద్దు. మే నెలలో డాబా గచ్చు వేడికి గాడులే మెత్తబడతాయి, ఇక ఆ రికార్డును మార్చి ఇవ్వమని అడగడానికి కూడా ఉండదు.