కిల్టీ: కుచ్చిళ్ల సైనికుడా, బూటు మీది కుచ్చా?

ప్రశ్న: ఆఫీసుకని తోలు లోఫర్లు (లేసుల్లేని బూట్లు) కొన్నాను. మీద నాలుకలా ఒక కుచ్చు ఉంది. డబ్బా మీద ‘కిల్టీ’ అని రాసుంది. నిఘంటువు చూస్తే స్కాట్లాండ్ సైనికుడు అంటోంది. ఏది సరి? పైగా రెండు నెలలకే కుచ్చు కొసలు పైకి లేస్తున్నాయి.
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: రెండూ సరే. తల్లి మాట ‘కిల్ట్’. ఇప్పుడది స్కాట్లాండ్ మగవాళ్లు నడుముకు చుట్టుకునే గళ్లబట్ట పేరు గానీ, మొదట అది క్రియ. కట్టుకున్న బట్టను పైకి దోపుకోవడం అని అర్థం. స్కాండినేవియా భాషల నుంచి వచ్చింది. మన కయ్యల్లో నాట్లేసే ఆడవాళ్లు కుచ్చిళ్లు ఎగదోపుతారే, అచ్చం ఆ పనే! నిండు కిల్ట్‌కు సుమారు 8 గజాల బట్ట పడుతుంది. ముందు సాదా, వెనకంతా కుచ్చిళ్లు.

చివరి ‘ఈ’ స్కాట్లాండ్ వాళ్ల ముద్దు పలుకు. ల్యాడ్‌ను ల్యాడీ (కుర్రాడు) అన్నట్టు, కిల్ట్ కట్టినవాడు కిల్టీ. ముఖ్యంగా హైలాండ్ (స్కాట్లాండ్ కొండసీమ) దళాల సిపాయి. బ్రిటన్ 1746 చట్టంతో నిషేధించిన హైలాండ్ దుస్తులకు 1782లో గానీ విడుదల దొరకలేదు. సైన్యానికి మాత్రం మినహాయింపు ఉండేది.

బూటు మీది తోలుపట్టీ కొసను సన్నగా చీలికలు కోస్తే ఆ కుచ్చిళ్లలాగే కనబడుతుంది. అదీ కిల్టీయే. గోల్ఫ్ బూట్లలో ఇది సోకు ఒక్కటే కాదు, తడి గడ్డీ మట్టీ లేసుల్లోకి పోకుండా అడ్డుకుంటుంది. లేసుల బూట్లకు విడిగా దొరికే పట్టీకి రెండు రంధ్రాలుంటాయి. బూటు పైజత రంధ్రాల్లోంచి వచ్చిన లేసును వాటిలో దూర్చి, పట్టీ మీద ముడివేయాలి. కుచ్చు వేళ్లవైపు వాలాలి. లోఫర్లకైతే కుట్టేసే ఉంటుంది.

ఇక కొసలు లేవడం. తడిసిన తోలును మన ఎండలో ఆరబెడితే బిగుసుకుని ముడుచుకుంటుంది. కుచ్చుకు రెండువైపులా తడిగుడ్డతో కొంచెం చెమ్మ తగిలించండి. కింద అట్టముక్క, మీద పొడిగుడ్డ, దాని మీద లావుపాటి పుస్తకం పెట్టి రాత్రంతా నీడలో ఉంచండి. పొద్దున రంగులేని షూక్రీము, బఠాణీగింజంత, రెండువైపులా రాయండి. కొబ్బరినూనె వద్దు, లేతరంగు తోలు మచ్చలు పడుతుంది. చీలిక మొదట్లో చిరుగు పాకుతుంటే, చెప్పులు కుట్టే ఆయనతో అక్కడ 2 మి.మీ. గుండ్రటి రంధ్రం కొట్టించండి, ఆగుతుంది. రెక్సిన్ అయితే ఈ శ్రమంతా దండగ.

ప్రశ్న: ‘గిల్లీ’ బూట్లన్నా ఇవేనా?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: కావు. స్కాట్లాండ్ పాతభాష గేలిక్‌లో ‘గిల్లె’ అంటే కుర్రాడు, పనివాడు. వేటకూ చేపలకూ వెళ్లే దొరల వెంట ఉండేవాడు గిల్లీ. ఆ పేరుతో ఉన్న బూటుకు కుచ్చు మాట దేవుడెరుగు, లేసుల కింద ఉండే నాలుకే ఉండదు. తడి నేలలో తిరిగినా గాలి తగిలి త్వరగా ఆరడానికి అలా వదిలేశారు. పొడవాటి లేసులను చీలమండ చుట్టూ తిప్పి కడతారు. కిల్ట్‌తో జతగా వేసుకునేవి ఎక్కువగా ఈ గిల్లీలే!